పాత లెన్సుల్ని తూకానికి వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

రీలు కెమెరాల కాలం నాటి స్టూడియోలు మూతపడుతుంటే బీరువాల్లోని, చేత్తో ఫోకస్ తిప్పే మాన్యువల్ లెన్సులు అనంతపురం, కడప వైపు అగ్గువకే దొరుకుతున్నాయి. కొన్నవాళ్లు కొందరు నెల తిరక్కుండానే "దూరానివి క్లియర్‌గా రావడం లేదు, గ్లాసు పోయినట్టుంది" అని పక్కన పడేస్తున్నారు. గ్లాసు పోయినవీ ఉంటాయి గానీ, ఈ ఫిర్యాదు వస్తే ముందు అనుమానించాల్సింది పాత లెన్సును కొత్త కెమెరాకు తగిలించడానికి మధ్యలో బిగించిన రింగును, అంటే అడాప్టరును.

లెక్క చూడండి. జెనిట్ కెమెరాలతో వచ్చిన హీలియోస్ 44-2 లాంటి ఎం42 మర (42 మిల్లీమీటర్ల మర) లెన్సులు, మౌంటు (లెన్సు బిగించే చోటు) నుంచి ఫిల్ముకు 45.46 మిల్లీమీటర్ల దూరం ఉంటుందని చేసినవి. లోపల అద్దం లేని సోనీ ఈ-మౌంటు మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ దూరం 18. తేడా 27.46. అడాప్టరు మందం సరిగ్గా అంతే ఉండాలి. అందులో 0.1 మిల్లీమీటరు, అంటే ఒక జెరాక్స్ కాగితం మందమంత, ఎక్కువైతే చాలు: 50 ఎంఎం లెన్సు ఫోకస్ 25 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 28 ఎంఎం అయితే ఎనిమిది మీటర్లు కూడా దాటదు. గండికోటలో అంచున నిలబడి అవతలి గట్టును తీస్తే మసక రాక ఏమవుతుంది! అందుకే చాలా అడాప్టర్లను కావాలనే ఒక పిసరు పలుచగా చేస్తారు. అప్పుడు దూరపు కొండ రింగు మీది ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తుకు కాస్త ముందే షార్ప్ అవుతుంది, దాంతో ఇబ్బంది లేదు. పరీక్ష సులువు. రాత్రిపూట దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్రలైటు మీద పెట్టి, స్క్రీను మీద జూమ్ చేసి, ఫోకస్ రింగు తిప్పండి. చుక్క బాగా చిన్నదై మళ్లీ ఉబ్బడం మొదలైతే మంచిదే. చిన్నదవుతుండగానే రింగు ఆగిపోతే అడాప్టరు వాపసు ఇచ్చేయండి.

లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉన్నవాళ్లు ఇంకొంచెం చూసుకోవాలి. కెనాన్ ఈఎఫ్ బాడీ దూరం 44, కాబట్టి ఎం42 లెన్సుకు పలుచని రింగు సరిపోతుంది. నికాన్‌ది 46.5, లెన్సుకు కావాల్సినదానికన్నా ఎక్కువే. మధ్యలో గాజుబిళ్ల ఉన్న అడాప్టరు పెడితే తప్ప దూరపు ఫోకస్ అందదు, ఆ బిళ్లతో ఫొటో నాణ్యత పడిపోతుంది. మా మాట వింటే ఆ జత వద్దు. "కెనాన్ లెన్సే కదా, కెనాన్ బాడీకి పడుతుందిలే" అనుకోవడం ఇంకో పొరపాటు. 1987లో ఈఎఫ్ రాకముందు వచ్చిన కెనాన్ ఎఫ్‌డీ లెన్సుల దూరం 42, ఈఎఫ్ బాడీ 44 కన్నా తక్కువ. అవి మిర్రర్‌లెస్‌కే హాయి. నికాన్‌లో 1977కు ముందు వచ్చిన, ఏఐ మార్పు (లెన్సు రింగు అంచును కొత్త బాడీలకు సరిపెట్టడం) చేయించని లెన్సును డీ7000 లాంటి బాడీకి బలవంతంగా తిప్పితే మౌంటు పక్కనున్న చిన్న మీట విరగొచ్చు.

పాత లెన్సును కెమెరా గుర్తించక షట్టర్ పడకపోతే మెనూలో "లెన్సు లేకుండా రిలీజ్" ఆన్ చేయండి. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే 50 అనో 135 అనో ఫోకల్ లెంగ్త్ మీరే ఎక్కించాలి, లేకుంటే వణుకును తప్పుగా సరిచేస్తుంది. కొన్ని ఎం42 లెన్సుల వెనక సన్నని పిన్ను ఉంటుంది. దాన్ని నొక్కి పట్టే అంచు అడాప్టరులో లేకపోతే, ముందు రింగు ఎంత తిప్పినా అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మూసుకోదు. ఎఫ్‌డీకైతే అపెర్చర్ మూసుకోవాలంటే అడాప్టరు మీది లాక్ రింగు తిప్పాలి.

హీలియోస్ సుడి తిరిగే బ్యాక్‌గ్రౌండ్ కోసం ఎక్కువ రేటు పెట్టేవాళ్లకు ఒక మాట: ఆ సుడి ఉండేది ఫ్రేము అంచుల్లో. ఫిల్ము ఫ్రేము కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సారు ఆ అంచుల్నే కోసేస్తుంది.

కొనేటప్పుడు అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము కణాలు లెక్కలోకి రావు. సాలెగూడులా కొమ్మలు చాచిన పోగులుంటే అది ఫంగస్, ముట్టుకోకండి. మా ఎండలకు లోపలి గ్రీజు పలచబడి నూనె అపెర్చర్ బ్లేడ్ల మీదికి పాకుతుంది, ఆ ఆవిరి గాజుకు పొరలా పడుతుంది. స్కూటర్ డిక్కీలో వదిలేయడం మానుకోవాలి. లెన్సుతోపాటు వచ్చిన తోలు కేసు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ వానాకాలం తేమ పట్టి ఉంచుతుంది. దాన్ని విడిగా పెట్టి, లెన్సును బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి, గింజల రంగు మారితే వేడిచేసి మళ్లీ వేయండి.

– కొందరు ఫొటోగ్రాఫర్లు, అనంతపురం