కాలిన్ కౌంటీలో రెండెకరాలు కొనేముందు

సంపాదకులకు నమస్కారం.

టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీ అంటే మనవాళ్లకు ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ. 2021 ఫిబ్రవరి మంచు తుపాను తర్వాత అక్కడ ఓ మాట తరచుగా వినబడుతోంది: ఊరి అంచున రెండెకరాలు కొని, బోరు వేసుకుని, నాలుగు కోళ్లు పెట్టుకుంటే కరెంటు పోయినా కుళాయి ఆగినా మన బతుకు మనం బతకొచ్చని. దీన్ని అక్కడ హోమ్‌స్టెడింగ్ అంటారు. ఇంటిపన్నులో తగ్గింపు ఇచ్చే హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్‌తో దీనికి చుట్టరికం లేదు, పేరొక్కటే కలిసింది. ఆపదకోసం ఇంట్లో సరుకూ నీళ్లూ దాచుకునే ప్రెపింగ్ ఇంకో పని. దానికి కాలిన్ బాగానే పనికొస్తుంది. సేద్యం చేసుకుని బతకడానికి మాత్రం పనికిరాదు. అడ్డం వచ్చేది నీళ్లు.

2020 జనాభా లెక్కల్లోనే ఈ కౌంటీలో 10,64,465 మంది ఉన్నారు. వీళ్లలో ఎక్కువమందికి నీళ్లిచ్చేది నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ అనే నీటి సంస్థ. లవాన్ సరస్సు కౌంటీలోనే ఉన్నా అది చాలక టెక్సోమా సరస్సు నుంచీ, పక్కనున్న ఫానిన్ కౌంటీలో కట్టిన బోడార్క్ సరస్సు నుంచీ తెచ్చుకుంటున్నారు. 2009లో టెక్సోమాలో జీబ్రా మసెల్స్ అనే గుల్లపురుగు కనబడితే అక్కడి పంపింగ్ 2014 దాకా ఆగిపోయింది. అంత పెద్ద సంస్థే పక్క కౌంటీల మీద ఆధారపడుతున్న చోట, రెండెకరాల రైతు ఒంటరిగా గట్టెక్కడం తేలిక కాదు.

బోరు వేస్తామంటారు. అక్కడి భూగర్భజలాలపై అజమాయిషీకి వేరే ఒక సంస్థ ఉంది, దాన్నీ డిస్ట్రిక్ట్ అనే అంటారు, ముందు అందులో నమోదు చేయించాలి. రాష్ట్ర చట్టం ఇంటి అవసరాల బోరుకు పర్మిట్ మినహాయింపు ఇచ్చేది పదెకరాలు దాటిన స్థలానికి. రెండెకరాలకు డిస్ట్రిక్ట్ నిబంధనలేమిటో అడిగి తెలుసుకోవాల్సిందే. మామూలుగా సరిహద్దు నుంచి 50 అడుగులు, సెప్టిక్ నీరు ఇంకే చోటు నుంచి 100 అడుగులు వదలాలి. ఇల్లు, షెడ్డు, దారి గీసి చూస్తే బోరుకు మిగిలే చోటు చాలా చిన్నది. పైగా ట్రినిటీ అనే భూగర్భ నీటిపొర తూర్పుకు పోయేకొద్దీ దిగిపోతుంది, కౌంటీలో చాలాచోట్ల వెయ్యి అడుగులు దాటాలి. అంత లోతు మోటారుకు 240 వోల్టులు కావాలి. 120 వోల్టులే ఇచ్చే చిన్న జనరేటర్ దాన్ని కదిలించలేదు. 240 ఇచ్చేదైనా, మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు నడిచేటప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువని లెక్కేసుకుని కొనాలి. ఇది మరిచిపోయినవాళ్లకు కరెంటు పోయిన రోజే నీళ్లూ పోతాయి.

వాననీటి లెక్క కూడా చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 620 గ్యాలన్లు. రెండువేల చదరపు అడుగుల కప్పుకు 1,240. పొంగిపోయేవీ తడికి పోయేవీ తీసేస్తే చేతికి వెయ్యి. ఏడాదికి సుమారు 40 అంగుళాల వాన, అంటే 40 వేల గ్యాలన్లు. నలుగురు మనుషులు తలకు రోజుకు 40 గ్యాలన్లతో పొదుపుగా గడిపినా ఏడాదికి 58 వేలు కావాలి. తోటకు ఇందులో చుక్క కూడా లేదు. ఎండాకాలంలో రెండు నెలలు వాన మొహం చాటేస్తే తట్టుకోవడానికి పదివేల గ్యాలన్ల ట్యాంకు ఉండాలి. తాగడానికైతే తారు షింగిల్స్ కప్పుకంటే రేకు కప్పు మేలు. ప్రతి వెయ్యి చదరపు అడుగులకు కనీసం పది గ్యాలన్ల తొలినీటిని, అంటే కప్పు మీది మురికి కడుక్కొచ్చే నీటిని, పక్కకు పోనిచ్చే గొట్టం పెట్టాలి. కాలనీ సంఘం, అదే హెచ్‌ఓఏ, వాననీటి పీపాల్ని పూర్తిగా నిషేధించకూడదని టెక్సాస్ చట్టం చెబుతోంది. ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు మాత్రం దానికుంది. కోళ్ల సంగతి కాలనీ నిబంధనల కాగితంలో చదువుకోవాలి.

నేల మనకు తెలిసిందే, నల్లరేగడికి బంధువు. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది. అందుకే అక్కడ ఇళ్లకు నేలమాళిగలు అరుదు. టోర్నడో వచ్చినప్పుడు కిటికీల్లేని లోపలి అలమర గదే దిక్కు. ఈ జిగురుమట్టిలో మామూలు సెప్టిక్ నీరు ఇంకదు గనక గాలి పంపుతో నడిచే ఏరోబిక్ ట్యాంకు పెట్టిస్తారు, అదీ కరెంటుదే. రాష్ట్ర నియమం ప్రకారం సెప్టిక్‌కు నీళ్లు బయటి సంస్థవైతే కనీసం అర ఎకరం స్థలం, సొంత బోరైతే ఎకరం కావాలి. గోంగూర, బెండ, వంగ, సొర బ్రహ్మాండంగా వస్తాయి. టమాటా మాత్రం రాత్రి వేడి 75 ఫారెన్‌హీట్ దాటితే పిందె పట్టదు. మార్చి మూడో వారంలో ఓసారి, జులైలో మరోసారి నాటుకోవాలి. కరివేపాకు కుండీలోనే ఉండాలి, చలికాలం ఇంట్లోకి రావాలి.

తక్కువ పన్ను ఆశ కూడా చాలామందిని ముంచుతుంది. వ్యవసాయ భూమి లెక్కన పన్ను కావాలంటే గడచిన ఏడేళ్లలో అయిదేళ్లు ఆ భూమిలో సేద్యం జరిగుండాలి. తేనెటీగలతో అయితే అయిదు నుంచి ఇరవై ఎకరాల మధ్య ఉండాలి. రెండెకరాలకు ఆ దారి మూసుకున్నట్టే. సేద్యం మాని ఇళ్లు కడితే మూడేళ్ల తేడా పన్ను వెనక్కి కట్టించుకుంటారు.

ఇక ఉన్న ఇంట్లోనే సిద్ధపడటం. మనిషికి రోజుకు గ్యాలన్ చొప్పున నలుగురికి రెండు వారాలంటే 56 గ్యాలన్లు. పాత ఇళ్ల వాటర్ హీటర్లో 40, 50 గ్యాలన్లుంటాయి. గ్యాస్ లేదా కరెంటు ఆపి, చల్లారాక కింది కుళాయి నుంచి పట్టుకోవచ్చు. కొత్త ఇళ్లలోని ట్యాంకు లేని హీటర్లో ఆ నిల్వ ఉండదు, కరెంటు పోతే దాని గడ్డకట్టని ఏర్పాటూ ఆగిపోతుంది. 2021లో అటకలోనూ బయటి గోడల్లోనూ పోయిన గొట్టాలే ఎక్కువగా పగిలాయి. నీటి మీటరు దగ్గర వాల్వు తిప్పే కీ కొని, దాన్ని ఎలా తిప్పాలో ఇంట్లో అందరికీ చూపించండి. బియ్యం, పప్పు, నూనె గ్యారేజీలో పెట్టొద్దు. అక్కడి వేసవికి నూనె చెడు వాసన వేస్తుంది, బియ్యంలో ముక్కపురుగు చేరుతుంది. బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేవద్దు, జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో ఉండాలి. ఆ తుపానులో కార్బన్ మోనాక్సైడ్ కూడా మనుషుల్ని చంపింది.

సోలార్ విషయంలో మనవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. మన ఊళ్లో ఇన్వర్టర్ అంటే కరెంటు పోగానే పనిచేసేది. అక్కడ గ్రిడ్‌కు కలిపిన పలకలు కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి, లైన్ మీద పనిచేసేవారికి షాక్ తగలకుండా అది భద్రతా నియమం. మామూలుగా బ్యాటరీ, గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసే స్విచ్ ఉంటేనే కరెంటు పోయినప్పుడు లోపల ఫ్యాన్ తిరుగుతుంది.

అయినా భూమే కావాలంటే ఫానిన్, హంట్ కౌంటీల వైపు చూడండి. అక్కడైనా అడ్వాన్సు ఇచ్చేముందు మూడు కాగితాలు చేతిలో ఉండాలి: నీటి మీటరు ఇస్తామని స్థానిక నీటి సంస్థ రాసిచ్చిన ఉత్తరం, చుట్టుపక్కల బోర్ల లోతు చూపే రాష్ట్ర రికార్డు, సెప్టిక్‌కు మట్టి పరీక్ష ఫలితం. మొదటి కాగితం ఇవ్వలేని అమ్మకందారు ఎంత ధర తగ్గించినా వద్దనండి.

— ఒక పాఠకుడు, టెక్సాస్