నాన్నగారి మొక్కల తొట్టికి ఎరువు, నీళ్ల మార్పిడి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

మీ ఉత్తరమూ, నీటిమొక్కలూ చేపలూ పెంచే మీ అద్దాల తొట్టి (అక్వేరియం) ఫొటోలూ అందాయి. వారమంతా వేసిన ఎరువు ఆదివారం మార్చే సగం నీళ్లతో పాటే బయటికి పోతుంటే ఇక వేయడం దేనికని మీరు అడిగారు. ఆ సందేహం న్యాయమైనదే. అయితే తొట్టిలో ఎరువు ఎంతవరకు పేరుకోవచ్చో హద్దు గీసేది ఆ నీళ్ల మార్పిడే కనుక, ఈ రెండింటినీ విడదీసి చూడకూడదని నా గట్టి నమ్మకం.

ఒక లెక్క చూడండి. వంద లీటర్ల నీళ్లలో 1.6 గ్రాముల పొటాషియం నైట్రేట్ (నత్రజనిని నైట్రేట్ రూపంలోనూ, పొటాషియాన్నీ అందించే ఎరువు) కరిగిస్తే నైట్రేట్ లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మొక్కలు అందులో ఏమీ తీసుకోలేదనే అనుకుందాం. వారం వారం సగం నీళ్లు మార్చి మళ్లీ అంతే వేస్తూ పోతే ఆ అంకె 10 నుంచి 15కు, అక్కడి నుంచి 17.5కు పెరుగుతూ 20కి దగ్గరవుతుందే గాని ఎన్నాళ్లయినా దాన్ని దాటదు. పావు వంతు నీళ్లే మారిస్తే హద్దు 40 అవుతుంది. అసలు మార్చకపోతే హద్దంటూ ఉండదు. చేపల మేత వల్ల చేరే నైట్రేట్ దీనికి అదనం. అక్వేరియం మొక్కల పెంపకంలో పేరున్న టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చిన ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతికి ఈ లెక్కే ఆధారం: మొక్కలకు ఏ పోషకమూ తక్కువ కాకుండా కాస్త ఎక్కువగానే వేసి, మిగిలినదాన్ని వారానికొకసారి సగం నీళ్లతో తీసివేయడం.

కానీ ఆ పద్ధతి బలమైన వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉన్న తొట్టెలను దృష్టిలో ఉంచుకొని చెప్పినది. మీ తొట్టికి గ్యాస్ లేదు, దీపమూ మామూలుదే. అలాంటి చోట మొక్కలు నెమ్మదిగా పెరుగుతాయి, నెమ్మదిగానే తింటాయి. అందువల్ల పొటాషియం నైట్రేట్ 0.8 గ్రాములకు తగ్గించి, మూడో వంతు నీళ్లు మార్చండి. అప్పుడు మీరు వేసే ఎరువు వల్ల చేరే నైట్రేట్ 15కు మించదు. తీసిన నీళ్లు పూలకుండీల్లో పోస్తే వాటిలోని ఎరువూ వృథా కాదు.

ఇక ఫొటోలో నన్ను కలవరపెట్టినవి ముదురు ఆకుల మీది సూదిబెజ్జాలు. వాటి అంచు చుట్టూ పసుపురంగు వలయం కనబడుతోంది, లేత ఆకులు మాత్రం నిండుగా ఉన్నాయి. ఇది చాలా మటుకు పొటాషియం లోటు. నత్రజని, పొటాషియం వంటివి చాలనప్పుడు మొక్క వాటిని పాత ఆకుల నుంచి లాగి కొత్త చిగుళ్లకు పంపుకోగలదు. అందుకే దెబ్బ ముందుగా కింది ఆకుల మీద పడుతుంది. ఇనుమును అలా తరలించలేదు గనుక, అది తక్కువైతే ఈనెలు ఆకుపచ్చగానే ఉండి లేత ఆకులు పాలిపోతాయి. నైట్రేట్ పరీక్షలో 20 దాకా వస్తోందని రాశారు కాబట్టి, ప్రస్తుతానికి పైన చెప్పిన 0.8 గ్రాముల పొటాషియం నైట్రేట్ కూడా ఆపి, దాని బదులు నైట్రేట్ లేని పొటాషియం సల్ఫేట్ వేయడం మేలు. బెజ్జాలు పడిన ఆకులు ఇక పూడవు. వాటిని కత్తిరించి, కొత్తగా వచ్చే ఆకులను బట్టే ఫలితం చూడండి.

నీళ్లు పోసే ముందు క్లోరిన్ విరుగుడు మందు తప్పనిసరిగా కలపండి. రాత్రంతా బకెట్లలో నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోవచ్చు గాని, కొన్ని ఊళ్లలో కలిపే క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియాల సమ్మేళనం) అలా పోదు. కొత్త నీళ్లు చేతికి తొట్టి నీళ్లంత వెచ్చగానే తగలాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి, అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. తీసిన తొట్టి నీళ్లలో రెండుసార్లు పిండితే చాలు. ఎరువు ఎప్పుడూ నీళ్లు మార్చిన తరువాతే వేయండి. ఇనుమున్న సూక్ష్మపోషకాలను ఫాస్ఫేట్ వేసిన రోజున వేయకుండా మరునాటికి ఉంచండి. రెండూ కలిస్తే కొంత ఇనుము మొక్కలకు అందకుండా అడుగుకు చేరుతుంది.

అద్దం మీద నాచు కనిపించగానే ఎరువు మొత్తం ఆపేయాలని అమ్మ అంటోందట. ఆపితే ముందు ఆకలితో నీరసించేవి మొక్కలే, అప్పుడు నాచుకు ఇంకా చోటు దొరుకుతుంది. దానికి బదులు దీపం వెలిగే సమయాన్ని రోజుకు ఆరు గంటలకు తగ్గించి చూడమనండి.

వచ్చే ఉత్తరంలో నీళ్లు మార్చక ముందూ, మార్చిన తరువాతా నైట్రేట్ ఎంత ఉందో రాయండి. పొటాషియం సల్ఫేట్ మోతాదు దాన్ని బట్టి లెక్కగట్టి పంపుతాను.

ఇట్లు,
మీ కుమార్తె