బాలామృతం ఇచ్చే రోజే ఆ నాలుగు మాటలూ అడిగించండి

మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది కోనసీమలో ఒక లంక గ్రామం, పంటు ఎక్కి గోదావరి పాయ దాటితేగానీ బస్సు దొరకదు. మా మేనల్లుడికి మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. మగపిల్లాడు కదా, వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి అని మా అమ్మ అంది, చుట్టాలన్నారు, నేనూ అన్నాను. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేశారు, ఎత్తు కొలిచారు, ఫోన్‌లో ఎక్కించారు. బరువు బాగుంది కాబట్టి పిల్లాడు బాగున్నాడనుకున్నాం. వెనక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడా అని ఒక్కరమూ చూడలేదు. మూడున్నరేళ్లకి తెలిసింది, రెండు చెవులూ సరిగా వినబడవని. పుట్టిన ఆరు నెలల్లోపే చెవికి మిషన్ పెట్టి శిక్షణ మొదలుపెట్టాలట. అది విన్న రోజు మా వదిన అన్నం ముట్టలేదు.

టీచర్‌ది తప్పని నేననను. ఆవిడకి తూకం వేయమన్నారు, వేసింది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూడాలి, అందులో ఎదుగుదల ఆలస్యం కూడా ఉంది, డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. కానీ ఆ రోజు పిల్ల అమ్మమ్మ గారి ఊళ్ళో ఉంటే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. పైగా మూడేళ్లలోపు పిల్లలు రోజూ కేంద్రంలో కూర్చోరు కదండీ, తల్లి చంకనేసుకుని వచ్చి, పిల్లలకిచ్చే పోషకాహార పొడి బాలామృతం తీసుకుని వెళ్ళిపోతుంది. అడగాల్సింది అప్పుడే. ఏడాది పిల్ల పేరు పెట్టి పిలిస్తే చూస్తోందా, ఏడాదిన్నరకి పట్టుకోకుండా నడుస్తోందా, కావలసింది వేలితో చూపిస్తోందా, రెండేళ్లకి "అమ్మా రా" అని రెండు మాటలు కలుపుతోందా. అయిదు నిమిషాల పని. టీచర్లకి నేర్పించండి, దానికి తగ్గట్టు రిజిస్టర్లు తగ్గించండి.

అనుమానం వస్తే ఎక్కడికి పంపాలన్నది ఇంకా పెద్ద సంగతి. దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళి రావాలంటే మా వాళ్ళకి ఒక రోజు కూలి పోతుంది, మాటలు నేర్పించడం ఒక్క రోజుతో అయ్యేదీ కాదు, వారం వారం వెళ్ళాలి, రెండో నెలకే మానేస్తారు. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం ప్రభుత్వాసుపత్రుల్లో వారానికో రోజు చెవి పరీక్ష చేసేవాళ్ళని, మాటలు నేర్పేవాళ్ళని కూర్చోబెట్టండి.

మా పక్కింటి పాపకి పదకొండు నెలలు. వాళ్ళమ్మని నేనే అడిగాను, పిలిస్తే తిరుగుతోందట. మిగతా లంకల్లో ఎవరు అడుగుతారండీ?