ఫ్యామిలీ లా చదివితే సరిపోదు, ఫైలు పట్టించాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

లా కాలేజీల్లో ఫ్యామిలీ లా ఎలా నడుస్తుందో తెలిసిందే కదండీ, 1955 హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 13 కింద విడాకులకి కారణాలేంటి, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే 13బి ఏంటి, బట్టీ కొట్టి రాసేస్తే మార్కులు పడిపోతాయి. అదే స్టూడెంట్ నల్లకోటేసుకుని ఫ్యామిలీ కోర్టుకొచ్చాక ఎదురుగా ఒకావిడ ఏడుస్తుంటే ఏం అడగాలో తెలీక పెళ్లి ఎప్పుడైంది మేడమ్ అంటాడు. అక్కడే ప్రాక్టీస్ చేస్తున్నా కాబట్టి ఇవి చూస్తూనే ఉంటా.

ప్రాక్టికల్ పేపర్లు లేక కాదు. బార్ కౌన్సిల్ రూల్స్‌లో డ్రాఫ్టింగ్ (కోర్టు కాగితాలు రాయడం) ఉంది, మూట్ కోర్టు (ఉత్తుత్తి కేసు వాదించడం) ఉంది, ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకి కనీసం 12 వారాలు, ఐదేళ్లకి 20. కానీ చాలాచోట్ల రికార్డు సీనియర్ల దగ్గర కాపీ, సర్టిఫికెట్ ఎవరో తెలిసిన లాయర్ ఇస్తాడు (మా వాళ్ల తప్పు కూడా ఉంది ఇందులో).

భరణం కేసే తీసుకోండి. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు నుంచి భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అన్నీ అఫిడవిట్‌లో పెట్టాలి, మధ్యంతర భరణం ఎంతనేది చాలావరకు దాన్ని బట్టే తేలుతుంది. భర్తది క్యాష్ బిజినెస్ అనుకోండి, పే స్లిప్ ఉండదు, మరి ఆదాయం దేంతో చూపిస్తాం, బ్యాంక్ స్టేట్‌మెంటా, బండికి తీసుకున్న లోనా, పిల్లల స్కూల్ ఫీజు ఎవరి అకౌంట్ నుంచి కట్టారన్నదా? ఇది క్లాసులో చెప్తే రాదు, ఒక్క ఫారమైనా దగ్గర కూర్చుని నింపిస్తేనే వస్తుంది. పైగా ఫ్యామిలీ కోర్టులో లాయర్‌ని పెట్టుకోవడం హక్కు కాదు, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 13 అదే చెప్తుంది, అంటే క్లయింట్ తనే జడ్జి గారికి చెప్పుకోవాల్సి రావచ్చు. ఆవిడని దానికి రెడీ చేయడం కూడా స్టూడెంట్లు నేర్చుకోవాల్సిన పనే.

ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. కాలేజీలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో మాట్లాడుకుని స్టూడెంట్లని ప్యానెల్ లాయర్ (ఉచిత కేసులకి ఆ సంస్థ పెట్టే లాయర్) పక్కన కూర్చోబెట్టొచ్చు. క్లయింట్ ఒప్పుకుంటేనే సుమా. వివరాలు అడిగేది, డ్రాఫ్ట్ రాసేది స్టూడెంట్, దిద్ది సంతకం పెట్టేది లాయర్, వాదించే పని స్టూడెంట్‌కి లేదు. విన్నది బయట చెప్పనని రాసివ్వాలి, వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి కాపురం గురించి చర్చ పెట్టేవాళ్లని మొదటిరోజే పంపేయాలి.

డ్రాఫ్టింగ్ పేపర్‌లో ఎలాగూ 15 ప్లీడింగ్స్ (కోర్టులో వేసే పిటిషన్లు, జవాబుల్లాంటివి) రాయిస్తున్నారు కదా, అందులో కనీసం మూడు నిజం క్లయింట్లవి అయ్యుండాలి, వాటికి మార్కులు ప్యానెల్ లాయర్ వేయాలి అని యూనివర్సిటీలు పెడితే చాలు, దీనికి కొత్త చట్టమేం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక అడ్వకేట్