‘రక్తం జబ్బా? అయితే టీకా వద్దులెండి’ అని పంపేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల ఒక బుధవారం మా అమ్మాయి తన కొడుకుని ఎత్తుకుని ఊళ్లో టీకాలు వేసే చోటికి వెళ్లింది. వాడికి ఏడాదిన్నర దాటింది, డీపీటీ బూస్టరు, మీజిల్స్-రుబెల్లా రెండో డోసు పడాలి. కార్డు మీద నేనే ఎర్ర పెన్నుతో ‘హిమోఫీలియా’ అని పెద్దగా రాసిపెట్టాను, ఎవరూ చూసుకోకుండా సూది పొడిచేయకూడదని. ఆ మాట చూడగానే అక్కడున్న సిస్టర్ సిరంజి పక్కన పెట్టేసి, ‘అమ్మా, రక్తం జబ్బున్న పిల్లలకి మేం వెయ్యం, ఏదన్నా అయితే మా మీదికొస్తుంది’ అని, పోలియో చుక్కలు మాత్రం నోట్లో వేసి పంపించేసింది. ఆవిణ్ణి తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇలాంటి పిల్లాడొస్తే ఏం చెయ్యాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నా బాధంతా అదే.

నాకూ హిమోఫీలియానే. 57 ఏళ్లు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 నా ఒంట్లో తక్కువ, రెండు మోకాళ్లూ ఎప్పుడో దెబ్బతిన్నాయి. తండ్రికి ఈ జబ్బుంటే కూతురికి ఆ జీన్ తప్పకుండా వెళ్తుంది, ఆ కూతురికి పుట్టే ప్రతి మగబిడ్డకీ జబ్బు రావడానికి సగం అవకాశం ఉంటుంది. అంటే మా మనవడికి ఇది నా దగ్గర్నుంచే వచ్చింది.

2021లో నన్నూ ఇలాగే తిప్పి పంపారు. ఆ ఏడాది జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలయ్యాయి, దానికి రెండు రోజుల ముందు కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి రాసిన ఉత్తరంలో రక్తస్రావం, గడ్డకట్టే లోపం ఉన్నవాళ్లకి జాగ్రత్తగా వేయాలని ఉంది, వేయొద్దని లేదు. కోవాగ్జిన్ కంపెనీ ఇచ్చిన కాగితంలో మాత్రం అలాంటివాళ్లు వేసుకోవద్దని ఉండేది, కోవిషీల్డ్ కాగితంలో ముందుగా చెప్పమని ఉండేది. మార్చి 1 నుంచి 45 ఏళ్లు దాటి జబ్బులున్నవాళ్లకి ముందు వరుస అన్నప్పుడు, ఆ జబ్బుల జాబితాలో తలసీమియా మేజర్, సికిల్ సెల్ అనే రక్తం జబ్బులు కూడా ఉన్నాయి. ఒక కాగితం ముందు రమ్మంటుంది, ఒకటి వద్దంటుంది, ఇంకొకటి చెప్పి వేయించుకోమంటుంది, బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఏం చేస్తుంది, వద్దన్న కాగితాన్నే పట్టుకుంటుంది.

చివరికి మా రక్తం డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. పొద్దున్నే ఫ్యాక్టర్ ఎక్కించుకుని వెళ్లాను. అక్కడ వేరే సిస్టర్, వయసులో చిన్నమ్మాయి, చీటీ మొత్తం చదివి, ఉన్నవాటిలో సన్న సూది వెతికి తీసింది. గుచ్చాక దూది పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుని, గోడ గడియారం వంక చూస్తూ నిలబడింది. 11.20 నుంచి 11.30 దాకా వేలు తియ్యలేదు, వెనక వరుసలో వాళ్లు సణుగుతున్నా సరే. ‘రుద్దకండి బాబాయ్, రుద్దితే లోపల కారుతుంది’ అంది. మర్నాటికి జబ్బ మీద రూపాయి బిళ్లంత కమిలింది, మూడో రోజుకి పసుప్పచ్చగా మారింది, తర్వాత పోయింది. అంతే.

హిమోఫీలియా ఉన్నవాళ్లకి టీకా వేయడానికి కావలసింది ఆ పది నిమిషాలే. 25 గేజ్ సూది లేదా అంతకంటే సన్నది (గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది), ముందు ఒక ఐదు నిమిషాలు ఐసు, తర్వాత కనీసం పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టడం. ముందు ఫ్యాక్టర్ ఎక్కించాలా వద్దా అన్నది జబ్బు తీవ్రతని బట్టి డాక్టరు చెప్తారు. అసలు మీజిల్స్-రుబెల్లా టీకా కండలోకి కాదు, చర్మం కిందే వేస్తారు, దానికి రక్తస్రావం భయం ఇంకా తక్కువ. అది కూడా వేయకుండా పంపేశారంటే నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో చిక్కు ఏంటంటే, మనవాళ్లు ‘రక్తం సమస్య’ అని ఒక్క మాట అనేస్తారు, దాని కింద ఒకదానికొకటి పొంతన లేని జబ్బులుంటాయి. నాది గడ్డకట్టని జబ్బు. మా బావగారిది పూర్తిగా తిరగేసిన కథ, గుండె వాల్వు మార్చాక లోపల గడ్డ కట్టకూడదని రోజూ రక్తం పలచబడే బిళ్ల వేసుకుంటారు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష ఆయనకి డాక్టరు చెప్పిన హద్దులో ఉందో లేదో చూసుకుని, వేశాక కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు, సూది కోసం బిళ్ల మానేయక్కర్లేదు. అయినా 2024 నుంచి ఆయన ఫ్లూ టీకా కూడా వద్దంటున్నారు. ఆ ఏప్రిల్ చివర్లో, తమ కోవిడ్ టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టు కాగితాల్లో ఒప్పుకుందని వార్తలొచ్చాయి కదా, అప్పట్నుంచి టెన్షన్.

ఆ భయం ఉత్తది కాదు. ఆ టీకానే మనదేశంలో కోవిషీల్డ్. 2021 మేలో టీకాల దుష్ప్రభావాలు చూసే మన కేంద్ర కమిటీ 498 తీవ్రమైన కేసులు పరిశీలిస్తే గడ్డలకి సంబంధించినవి కావచ్చు అనుకున్నవి 26, అంటే 10 లక్షల డోసులకి 0.61. పోయినవాళ్ల ఇంట్లో ఇది అంకె కాదు, నాకు తెలుసు. కానీ అది వేరే జబ్బు. టీకా తర్వాత కొందరి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే ఒక ప్రొటీన్‌ని పట్టుకుని, ఒకపక్క గడ్డలు కట్టిస్తూ ఇంకోపక్క ప్లేట్‌లెట్లు తగ్గిస్తాయి. హెపారిన్ అనే రక్తం పలచబరిచే మందు పడక ఒకసారి ఇలా అయినవాళ్లు ఆ రకం టీకాకి దూరంగా ఉండాలి, నిజమే. ఫ్లూ టీకాకీ, పిల్లల డీపీటీకీ దానితో సంబంధం లేదు. ఈ నాలుగు ముక్కలు బావగారికి చెప్పే తీరిక ఏ ఆసుపత్రిలోనూ ఎవరికీ లేకపోయింది.

నిజానికి టీకా ఎక్కువ అవసరమైంది మాలాంటి వాళ్లకే. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకి హెపటైటిస్-బి టీకా పడి ఉండాలి. మా తరంలో ప్లాస్మా ఎక్కించుకుని కామెర్లు తెచ్చుకున్నవాళ్లని నేను పక్క మంచాల మీద చూశాను. సికిల్ సెల్ ఉన్న పిల్లలకి చిన్నప్పుడే ప్లీహం పనిచెయ్యడం మానేస్తుంది, మామూలు పిల్లలు తట్టుకునే న్యుమోకోకస్ అనే క్రిమి వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. అల్లూరి జిల్లాలోనో ఆదిలాబాద్‌లోనో ఏజెన్సీ గూడెం నుంచి గంటలు నడిచొచ్చిన తల్లిని ‘రక్తం జబ్బు, వద్దు’ అని వెనక్కి పంపితే, ఆవిడ మళ్లీ వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ మూడూ ఉన్నాయి. 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కూడా మొదలుపెట్టారు. పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు, సంతోషం. ఆ కార్డు వెనక టీకా ఎలా వేయాలో నాలుగు లైన్లు తెలుగులో అచ్చు వేయించండి. ఏఎన్‌ఎంల ట్రైనింగులో ‘రక్తం జబ్బుందా’ అని ఆగిపోకుండా ‘ఏ రక్తం జబ్బు’ అని అడగడం నేర్పించండి. జిల్లా ఆసుపత్రిలో ఫ్యాక్టర్ ఎక్కించే చోటే వారానికి ఒక రోజు ఈ పిల్లలకి టీకా కూడా వేసే ఏర్పాటు చెయ్యండి, ఎందుకంటే ఎక్కించిన ఫ్యాక్టర్ 8 బలం పెద్దవాళ్లలోనే 12 గంటలకి సగమైపోతుంది, పట్నంలో ఎక్కించుకుని ఊళ్లో బుధవారం దాకా ఆగితే మిగిలేదేమీ ఉండదు.

మా వాణ్ణి వచ్చే వారం డాక్టరు చీటీతో పట్నం తీసుకెళ్తున్నాం, రెండు బస్సులు మారాలి. ఇప్పటిది అక్కడ వేయించుకుంటాం. ఐదేళ్లు నిండాక వాడికి ఇంకో డీపీటీ ఉంది. అదన్నా మా ఊళ్లోనే పడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి దగ్గర పల్లె నుంచి