ఉగాదినాడు ఫోనెత్తని కూతురికి

సోంపేట,
7-4-2025

చి॥ శైలజకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయడం మామూలు. ఈసారి నేను తలిచేదేం లేదు, నువ్వే చెప్పాలి.

కొండబాబు మావయ్య రేపు పలాసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాడు, కూకట్‌పల్లిలో వాళ్లబ్బాయి ఇంటికి. అతని చేతికి సంచీ ఒకటి ఇస్తున్నాను, ఉత్తరం అందులోనే ఉంది. ఈ రోజుల్లో ఉత్తరమేంటమ్మా అంటావు. ఫోనెత్తితే ఫోనులోనే చెబుదును. ఉగాదినాడు పొద్దున్న చేశాను, పచ్చడి తిన్నావా అని అడుగుదామని. ఎత్తలేదు. మధ్యాహ్నమూ ఎత్తలేదు. రాత్రి "తర్వాత చేస్తా" అని మెసేజి పెట్టావు. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. మధ్యమధ్య బొటనవేలు బొమ్మలు వస్తున్నాయి. బొటనవేలు చూసి పిల్ల అన్నం తిన్నదో లేదో ఎలా తెలుసుకోమంటావే?

సంచీలో జీడిపప్పు మన తోటదే. సరోజిని పిన్నీ నేనూ పెరట్లో కాల్చి కొట్టాం. అక్కడక్కడ మసి ఉంటుంది, దులుపుకుని తిను. కొబ్బరి ఉండలు నాలుగు రోజుల్లో అయిపోవాలి, దాచుకోకు, ఎండలకి కంపు కొడతాయి. కొత్తావకాయ ఇంకా పెట్టలేదు, కాయ ముదరలేదు. నిరుటి మాగాయ పెట్టాను. గదిలో పిల్లలందరికీ పంచిపెట్టి నువ్వు ఖాళీ సీసా నాకితే ఊరుకోను.

మీ నాన్న బాగానే ఉన్నారు. తిత్లీ తుపానుకి తోట పడిపోయాక పెట్టిన కొబ్బరి మొక్కల్లో, నూతి పక్కది గెల వేసింది. రోజూ దాన్ని చూసొచ్చి నాకు లెక్క చెబుతున్నారు. పెదనాన్న డయాలసిస్‌కి పలాస వెళ్లొస్తున్నారు, ముఖం కొంచెం వాచింది. నువ్వు కిడ్నీలకి ఆ క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నావా? పండక్కి వచ్చినప్పుడు చెప్పాను. ఉద్దానం నీళ్లు తాగి పెరిగిన పిల్లవి, వయసులో ఉన్నాను నాకేంటి అనుకోకు. ఎండలో తిరుగుతున్నదానివి నీళ్లు ఎక్కువ తాగాలి. తిరుగుతున్నావా లేదా అన్నది నాకు తెలీదనుకో.

నిన్న నవమి పందిట్లో పానకం పోస్తుంటే సరోజిని పిన్ని నా పక్కకి జరిగి మెల్లగా అంది: "అప్పా, మన శైలజని టీవీలో చూశామే. ఆడపోలీసులు చేతులు పట్టుకుని వ్యాను ఎక్కిస్తన్నారు." దాని మెల్లగా ఎంతదో నీకు తెలుసుగా, పందిరంతా తిరిగి చూసింది. వాళ్లబ్బాయి ఫోనులో ఆ ముక్క చూపించాడు. మొహం కనపడదు. జడ కనపడుతుంది, ఆకుపచ్చ చున్నీ కనపడుతుంది. ఆ చున్నీ నేను పలాసలో కొన్నదే, అంచుకి గవ్వల్లాంటి పూసలున్నది. లేదా అలాంటిదే ఇంకోటి. అలాంటివి వెయ్యి మంది కొంటారు, నేనేం కాదనను. ఇంటికొచ్చి మీ నాన్నకి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, ఆయన అప్పటికే చూశారు.

సరే, అదలా ఉంచు.

నాన్న ఈమధ్య పేపరు చదివాక కత్తెర అడుగుతున్నారు. కంచ గచ్చిబౌలి అని ఎక్కడ పడితే అక్కడ కత్తిరించి, ఎల్ఐసీ కవరులో దాస్తున్నారు. 1974లో మీ హైదరాబాద్ యూనివర్సిటీ పెట్టినప్పుడు రెండువేల మూడొందల ఎకరాలిచ్చారనీ, ఇప్పుడు సర్కారువాళ్లు అందులో ఈ 400 ఎకరాల మీద పడ్డారనీ నాకు పాఠం చెప్పారు. ఉగాది రోజే జేసీబీలు దిగాయట. పండగపూట, సెలవు చూసుకుని. రాత్రి దీపాలు పెట్టుకుని చెట్లు పడగొడుతుంటే నెమళ్లు అరిచిన అరుపులు సరోజిని వాళ్లబ్బాయి వినిపించాడు. ఆ అరుపు విన్నాక నాకు అన్నం సయించలేదు. మూడో తారీకున సుప్రీంకోర్టు ఆపమంది కదా, హైకోర్టు రిజిస్ట్రారు చూసొచ్చి వంద ఎకరాల దాకా పాడుచేశారనీ, నెమళ్లూ జింకలూ ఉన్నాయనీ రాశారట కదా. ఆ ముక్క చదివి మీ నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పైకి మాత్రం "అద్దం మురికి" అన్నారు.

నీకు నీతులు చెప్పడానికి కాదు కూర్చుంది. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ కంప్యూటర్లో చేసిన బొమ్మలున్నాయే, జింకలు ఏడుస్తున్నట్టూ, నెమళ్లు బుల్డోజరు ముందు పడున్నట్టూ, అలాంటివి నువ్వెవరికీ పంపకు. నిజం నెమలి అక్కడ ఉండగా అబద్ధపు నెమలి ఎందుకు? అబద్ధపు బొమ్మ ఒక్కటి దొరికితే చాలు, నిజం ఫొటోలన్నిటినీ దాంతోనే కొట్టిపారేస్తారు. ఫొటో తీస్తే నీ చేత్తో తియ్యి, తేదీ రాసి పెట్టుకో. ఏ చెట్టు, ఏ చెరువు పక్కన అన్నది కూడా. ఇక్కడ థర్మల్ కరెంటు ప్లాంటు వద్దని మేం పోరాడినప్పుడు మా డాక్టరుగారు మాకు చెప్పిందీ ఇదే. ఆయనా ఇ.ఏ.ఎస్. శర్మగారూ వచ్చి కూర్చుంటే అరిచేవాళ్లు కాదు, ఏ కాగితంలో ఏముందో చెప్పేవారు. కరెంటు శాఖకి ఢిల్లీలో కార్యదర్శిగా చేసిన శర్మగారే థర్మల్ వద్దంటుంటే మాకు గుండె ధైర్యం ఎలా ఉండేదనుకున్నావు.

మామ్మ దీక్షలో కూర్చున్న సంగతి నీకు గుర్తుందా? నువ్వు మూడో తరగతి, గుర్తుండదు. నీళ్లు నిలిచే మన బీలలో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు వస్తుందని రిలే నిరాహార దీక్షలు మొదలెట్టింది 2009 డిసెంబర్లో. సంక్రాంతి వెళ్లాక మన ఊరి వంతొచ్చింది. మామ్మకి షుగరు, వద్దంటే వద్దన్నాం. "బీల సేపలు తిని బతికిన పానం ఇది, నాను కూకోకపోతే ఇంకెవులు కూకుంతారు?" అని ముందురోజే తలంటుకుని, గంజి పెట్టిన చీర తీసి కూర్చుంది. పొద్దున్న టెంటులో దండ వేశారు. దండ వేసుకుని పెళ్లికూతురులా అటూ ఇటూ చూస్తోంది. పక్కన మీ నాన్న, బారువ నుంచి వచ్చిన బోటు వాళ్లు నలుగురు, వెనకాల నేను.

పన్నెండు దాటేసరికి మామ్మకి చెమటలు పట్టాయి. నేను లేచేలోపే రొంటిన దోపుకున్న మూట విప్పి, అటుకులూ బెల్లమూ నోట్లో వేసుకుంది. సరిగ్గా అప్పుడే పేపరాయన కెమెరా పట్టుకుని లోపలికొచ్చాడు. టెంటంతా చప్పుడు లేదు. అప్పారావు తాత మైకు మూసి "మామ్మా, మింగీ, మింగీ" అంటున్నాడు. ఆవిడ మింగదే! తాపీగా నమిలి, నీళ్లు తాగి, అప్పుడు అంది: "అన్నం మానీమన్నారు గానీ సచ్చిపోమన్లేదు గదరా." పేపరాయన నవ్వి ఆవిడ పక్కనే కూలబడ్డాడు. ఎందుకు కూర్చున్నావమ్మా అని అడిగాడు. ఏదో పొగ, బూడిద అని చెబుతుందనుకున్నాం. "రాసుకో" అంది. ముందు చేపలు చెప్పింది. కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి, మట్టగిడస, ఏది ఏ నెలలో ఎక్కడ దొరుకుద్దో. తర్వాత తుంగ, పశువులు తినే గడ్డి. ఏ గట్టు కింద ఏ వరి పండుద్దో, ఎండాకాలంలో ఎక్కడ తవ్వితే నీళ్లు ఊరతాయో. ఏ పిట్ట ఎప్పుడు దిగుద్దో. ఆయన పెన్ను ఆగిపోతే అప్పారావు తాత పెన్ను తీసుకుని రాశాడు. మధ్యలో మీ నాన్న ఏదో అందించబోతే "నువ్వూరుకో, నీకు తెల్దు" అంది. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది, నోరు మూసుకునే ఉంది. చేపలు మాత్రం రెండే రాశాడు. దానికి ఆవిడకి చచ్చేదాకా కోపం.

కాగితాల్లో ఆ నేల ఎందుకూ పనికిరాదని రాసుకున్నారు చూడు, అక్కడ ఉంది కిటుకంతా. ఢిల్లీలో మన తరఫున చెప్పినవాళ్లూ చివరికి చెప్పింది మామ్మ మాటే: అది బీడు కాదు, నీరు నిలిచే నేల. మీ కంచని కూడా అడవి కాదు, ఉత్త రాళ్లూ తుప్పలూ అంటున్నారట. అయితే అక్కడ ఏమేం ఉన్నాయో మీలో ఎవరైనా వరసపెట్టి రాశారా? నినాదాలు రాసిన అట్టలు టీవీలో చూశాను, అక్షరాలు బాగున్నాయి. నేనడిగేది ఆ లెక్క.

ఇంకోటి అడుగుతాను. మీకు వంతులున్నాయా? మాకు పుస్తకం ఉండేది. ఏ రోజు ఏ ఊరు, ఎవరెవరు కూర్చుంటారు, ఎవరింటి నుంచి నీళ్ల డ్రమ్ము, కూర్చున్నవాళ్ల పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారు, అన్నీ అందులోనే. అలా ఉంది కాబట్టే ఏళ్ల తరబడి సాగింది. అందరూ ఒకేరోజు ఎగబడి, గొంతులు పోగొట్టుకుని, మర్నాడు అందరూ పడి నిద్రపోతే రెండో రోజుకి జేసీబీ వాడిదే. నువ్వు వెళ్తున్నావని కాదు నేను చెప్పేది. వెళ్లేవాళ్లెవరైనా నీ స్నేహితులుంటే వాళ్లకి చెప్పు.

2010 జూలై 14 సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడూ పూర్తిగా చెప్పను. మీ నాన్న పొద్దున్నే వెళ్లారు. లాఠీలన్నారు, బాష్పవాయువన్నారు, తర్వాత కాల్పులన్నారు. మనుషులు పోయారన్నారు, పేర్లు తెలియలేదు. ఆయన ఫోను పలకలేదు. నేను చేట పట్టుకుని అరుగు మీద కూర్చుని బియ్యం ఏరాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. నువ్వు నా పక్కనే కూర్చుని రాళ్లు నాకియ్యి అన్నావు, రాళ్లు ఎప్పుడో అయిపోయాయి. చీకటి పడ్డాక వచ్చారు, చొక్కా లేదు, ఎవరికో కట్టు కట్టారట. ఢిల్లీలో అదే రోజు థర్మల్ అనుమతి రద్దు చేసేశారు. అదే రోజు! ఒక్కరోజు ముందు ఆ కాగితం వచ్చి ఉంటే అని ఈ ఊళ్లో అనుకోని మనిషి లేడు.

మొన్న ఉగాదికి పొద్దుపోయేదాకా మళ్లీ చేట పట్టుకున్నాను. ప్యాకెట్ బియ్యం, ఏరడానికి ఏముంటుంది అందులో?

కేసుల సంగతి కూడా విను. మనవాళ్లు ఎంతమంది ఎన్నేళ్లు వాయిదాలకి తిరిగారో నీకు తెలుసు, అప్పారావు తాత కర్ర పట్టుకుని కోర్టు మెట్లెక్కేవాడు. నీకు పీహెచ్‌డీ ఉంది, రేపు ఉద్యోగం, పాస్‌పోర్టు. పేరు అడిగితే పేరు చెప్పు, కాగితం మీద సంతకం మాత్రం చదవకుండా పెట్టకు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ఒక్కదానివీ ఎక్కడికీ వెళ్లకు, రాత్రిళ్లు అసలు వెళ్లకు. వెళ్తే చెప్పులు కాదు, బూట్లు. ఫోను నిండా ఛార్జింగు ఉండాలి. ఉన్నప్పుడు ఎత్తాలి.

నరసన్నపేట సంబంధం వాళ్లు ఫోను చేశారు. వాళ్లూ ఆ వీడియో చూశారట. "అమ్మాయికి ఇలాంటి అలవాట్లున్నాయా" అని పెద్దావిడ అడిగింది. నాకు ఒళ్లు మండి, మా ఇంట్లో మూడు తరాల నుంచీ ఉన్నాయండి అన్నాను. ఇంక చేస్తారో లేదో. చెయ్యకపోయినా నష్టం లేదు, ఆ అబ్బాయి జాతకం చూస్తే మీ నాన్నకి అంత ఇష్టం కలగలేదు. నీకు చెప్పడం మర్యాద కాబట్టి చెబుతున్నాను.

బీలలో మార్చి దాటినా పశువులకి పచ్చిక దొరుకుతోంది. నిన్న జెల్లలు తెచ్చారు, పులుసు పెట్టాను. నువ్వుంటే తినేదానివి కాదులే, ముళ్లంటావు.

మావయ్య బుధవారమో గురువారమో మీ గేటు దగ్గరికి వస్తాడు. లోపలికి బయటివాళ్లని రానివ్వడం లేదట కదా. ముసలాయన్ని ఎండలో నిలబెట్టకు, ముందే వెళ్లి ఉండు. నీ గదిలో ఉండే పిల్ల నంబరూ, ఇంకో స్నేహితురాలి నంబరూ కాగితం మీద రాసి అతనికియ్యి, ఫోనులో పంపిస్తానని దాటెయ్యకు. నీ మొహం ఎలా ఉందో చూసి చెప్పమన్నాను, అతను అబద్ధం ఆడలేడు.

మీ నాన్న ఇప్పుడే వచ్చి ఉత్తరం అంతా చదివారు. ఏమీ అనలేదు. పదహారో తారీకున సుప్రీంకోర్టులో మళ్లీ వాయిదా ఉందట, తీర్పు ఎటుపోయినా ఆ రాత్రి ఫోను చెయ్యమని రాయమన్నారు. ఎంత పొద్దుపోయినా మెలకువగానే ఉంటారట. ఎల్ఐసీ కవరు కూడా సంచీలో పెట్టేశారు. అందులో మన బీల అనుమతి రద్దయిన రోజుల పేపరు ముక్కలు కూడా ఉన్నాయి, అవి జిరాక్సు తీసుకుని అసలువి మావయ్య చేతికే తిరిగి ఇవ్వాలి.

ఆశీస్సులతో,
మీ అమ్మ