గుర్రు పెడితే నిద్రపోతున్నట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మాది చిలకలూరిపేట. నేను ఇంటి దగ్గర కుట్టుమిషన్ మీద బట్టలు కుడతాను. మా ఆయన ఇరవై రెండేళ్లుగా లారీ తోలుతున్నారు. ఎక్కువగా మిర్చి లోడుతో కలకత్తా వెళ్లి వస్తుంటారు. ఎవరైనా ఒళ్లు తెలియకుండా పడుకుంటే మనం "గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు" అంటాం. ఆ మాట నమ్మే నేనూ ఇన్నేళ్లు మోసపోయాను.

ట్రిప్పు నుంచి వచ్చిన రోజు ఆయన రాత్రి తొమ్మిదికి పడుకుంటే పొద్దున ఏడింటికి లేచేవారు. పది గంటలు! అయినా లేచేసరికి తలనొప్పి, నోరు పిడచగట్టుకుపోయి ఉండేది. టిఫిన్ తింటూ తింటూ ప్లేటు ముందే కునుకు తీసేవారు. రాత్రి మూడు నాలుగుసార్లు బాత్‌రూమ్‌కి లేస్తుంటే షుగరేమోనని పరీక్ష చేయించాం. షుగర్ లేదు. బీపీ ఉంది. ఒక బిళ్ల రెండు బిళ్లలైనా దిగలేదు. గురక సంగతి డాక్టరుకి చెప్పాలని నాకు తోచనే లేదు. మా అత్తగారైతే "వాళ్ల నాన్నా అంతేనమ్మా, పడుకుంటే పెంకులు లేచిపోయేవి" అని నవ్వేది.

కిందటేడు తిరుగు ప్రయాణంలో, తెల్లవారుజామున నాలుగింటప్పుడు, తుని దాటాక బండి డివైడర్‌ని రాసుకుంటూ పోయింది. క్లీనర్ కుర్రాడు కేకెయ్యబట్టి సరిపోయింది. డ్రైవర్ వైపు అద్దం ఊడింది. "నేను కళ్లు మూసిన గుర్తే లేదు" అన్నారాయన. అద్దం పోయినందుకు కాదు, ఆ మాటకి భయమేసింది నాకు.

ఆయన ఇంటికొచ్చిన రాత్రి నేను పడుకోకుండా పక్కనే కూర్చున్నాను. గురక పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పొట్ట ఎగసిపడుతోంది కానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలడం లేదు. లెక్కపెట్టాను. ఇరవై ఆరు దాకా వచ్చాక, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి గాలి గుంజుకుని, పక్కకి తిరిగి, మళ్లీ మొదలు. తెల్లారాక అడిగితే "శుభ్రంగా పడుకున్నాగా" అన్నారు.

ఫోన్లో రికార్డు చేసి గుంటూరులో ముక్కు, చెవి, గొంతు డాక్టరుకి వినిపించాను. డాక్టరు మొదట కొలత టేపు అడిగారు. అది నా సంచీలో ఎప్పుడూ ఉండేదే. మెడ కొలిస్తే పదిహేడున్నర. మగవాళ్లకి పదిహేడు అంగుళాలు దాటితే అనుమానించాలట. పెళ్లయిన కొత్తలో పదిహేను కాలరు కుట్టాను. తర్వాత అరంగుళం, అరంగుళం పెంచుతూ వచ్చింది నేనే.

తలకీ ఛాతీకీ వైర్లు, వేలికి క్లిప్పు, ముక్కు కింద గొట్టం పెట్టి రాత్రంతా పరీక్ష చేశారు. గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో తగ్గిపోవడమో జరుగుతోంది. 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతే, మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. లేచినట్టు వాళ్లకే తెలియదు. స్లీప్ ఆప్నియా అంటారట దీన్ని.

మాస్కు పెట్టుకుంటే గదిలో గాలినే ఒత్తిడితో లోపలికి పంపే మిషన్ వాడమన్నారు. 42 వేలు, చీటీ పాడి కొన్నాం. మొదటి వారం రెండుసార్లు పీకి అవతల పడేశారు. ఇప్పుడు అది లేకపోతే పడుకోరు. టిఫిన్ ముందు కునుకు పోయింది. లారీలో మాత్రం ఇబ్బందే. బండిది 24 వోల్టుల బ్యాటరీ, దీనికి వేరే కన్వర్టర్ కావాలి. ఎండాకాలం కేబిన్‌లో మాస్కు పెట్టుకోవడం మాట అటుంచి, ఊరికే కూడా పడుకోలేరు. ఇప్పుడు కొత్తగా తయారయ్యే లారీల కేబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే. మా ఆయన తోలేది పాత బండి.

డ్యూటీకీ డ్యూటీకీ మధ్య డ్రైవర్‌కి తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాలని 1961 నాటి చట్టంలోనే రాశారు. అది దొరికిన ట్రిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దొరికినా మా ఆయనకి అది నిద్ర అయ్యేది కాదు. అర్ధరాత్రి దాటాక పోలీసులు లారీలాపి మొహం కడిగించి పంపుతుంటారు. వాళ్లకి దండం పెడతాను. కానీ ఆ నీళ్ల చలవ ఎంతసేపు?

జనవరిలో రోడ్డు భద్రత శిబిరాలు పెడతారు. మా ఆయన మూడింటికి వెళ్లారు. కళ్లు చూశారు, బీపీ, షుగర్ చూశారు. లైసెన్సు రెన్యువల్ అప్పుడూ చూపు చూశారు. గురక గురించి ఎక్కడా ఒక్కరూ అడగలేదు. అడిగినా ఆయన లేదనే అంటారు. ఆ ప్రశ్న నన్నడగాలి. లారీలో అయితే క్లీనర్ని అడగాలి. వచ్చే శిబిరంలో కళ్లజోళ్ల పక్కన ఒక టేపు పెట్టండి, మెడ కొలవండి, ఇంటావిడకి ఒక ఫోను చెయ్యండి. అనుమానం ఉన్నవాళ్లకి ఆ రాత్రి పరీక్ష జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనే ఉచితంగా చేసేలా చూడండి. మాకు పరీక్షకే పది రోజుల కూలి డబ్బులు పోయాయి.

ఉత్తరం వేస్తే నా పేరు వెయ్యకండి. మిషన్ సంగతి ఓనరుకి ఇంకా చెప్పలేదు. తెలిస్తే బండి దిగమంటారేమోనని మా ఆయన భయం.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్ భార్య,
చిలకలూరిపేట